బొంగురు గొంతు డోరేమాన్

మా ఉద్దానంలో, పూండి చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా నాలుగో తరగతి చదివే గుంటణ్ణి ఆపి, నోబితా అనే కుర్రాడి ఇంట్లో ఉండే కార్టూన్ మరపిల్లి డోరేమాన్ ఆఖరి ఎపిసోడ్ సంగతేటని అడిగి చూడండి. "నీకు తెల్దేటి మావయ్యా? నోబితాకి ఒంట్లో బాగోదు. ఆస్పత్రి మంచం మీద పడుకొని ఇదంతా కల కన్నాడు. డోరేమాన్ లేడు, ఏటీ లేదు" అని గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాడు. పక్కనున్నవాడు ఊరుకోడు. "కాదెహె, బేటరీ అయిపోయి డోరేమాన్ ఆగిపోతాడు. నోబితా పెద్దయ్యాక సైంటిస్టు అయ్యి బాగు చేస్తాడు. మా అన్నయ్య చూసాడు" అంటాడు. ఆ అన్నయ్యని పిలిచి ఏ చానల్లో చూశావురా అంటే, తను చూళ్ళేదట, పలాసలో ట్యూషన్‌కి వచ్చే కుర్రాడు చూశాడట. ఆ కుర్రాణ్ణి పట్టుకుంటే టెక్కలిలో ఉన్న పిన్ని కొడుకు పేరు చెప్తాడు. అక్కణ్ణుంచి ఆ దారి ఇంకెంత దూరం పోతుందో ఊహించుకోవచ్చు.

ఈ రెండు కథలూ ఉద్దానంలో పుట్టినవి కావు. జపానులో పుట్టి, దేశాలు తిరిగి, ఫోన్లలో పడి మన వీధిలోకి వచ్చాయి. ఆస్పత్రి కథ 1980ల నాటి పుకారు. డోరేమాన్ సృష్టికర్త ఫుజికో ఎఫ్. ఫుజియో, అసలు పేరు హిరోషి ఫుజిమొటో, బతికుండగానే దాన్ని కొట్టిపారేశాడు. బేటరీ కథ 1990ల చివర్లో ఒక అభిమాని, ఇలా ముగిస్తే ఎలా ఉంటుందని సరదాగా అల్లుకున్నది. 2005లో ఒక చిత్రకారుడు దాన్ని అచ్చం ఫుజిమొటో గీతలోనే బొమ్మల కథగా గీసి, సొంతంగా అచ్చు వేసుకొని అమ్మాడు. దాదాపు పదమూడు వేల ప్రతులు పోయాయి. కొన్నవాళ్ళలో చాలామంది అది అసలుదే అనుకున్నారు. ప్రచురణ సంస్థ షోగాకుకాన్ హక్కుల మాట ఎత్తేసరికి, 2007లో ఆయన క్షమాపణ చెప్పి లాభంలో కొంత చెల్లించాడు. ఫుజిమొటో మాత్రం ముగింపంటూ ఏదీ రాయకుండానే 1996 సెప్టెంబరు 23న కన్నుమూశాడు.

ఇదే బొమ్మ మీద ఇంకో పుకారు కూడా ఉండేది. మన గుంటల దాకా అది రాలేదు. జపానులో దాన్ని నమ్మినవాళ్ళు తక్కువ. అందరికీ తెలిసిన డోరేమాన్ సీరియల్ 1979లో మొదలైంది కదా, దానికి ముందే మరో డోరేమాన్ టీవీలో వచ్చేదని కొందరు అనేవారు. అందులో ఆ పిల్లి నడివయసు మగవాడి గొంతుతో మాట్లాడేదట. సగం నడిచాక గొంతు మారిపోయిందట. ఇంట్లో ఓ మరబాతు కూడా ఉండేదట. వినడానికే అతకని మాటలు. చిన్నప్పుడు ఏదో చూసి మరేదో అనుకొని ఉంటారని విన్నవాళ్ళు తీసిపారేసేవారు.

అందరూ నమ్మిన ఆఖరి ఎపిసోడ్ అబద్ధం. ఎవరూ నమ్మని బొంగురు గొంతు డోరేమాన్ నిజం.

నిజమని ఎలా తేలిందో చెప్పాలంటే, అసలు ఆ పిల్లి ఎలా పుట్టిందో ముందు చెప్పుకోవాలి. 1969 చివర్లో షోగాకుకాన్ తన పిల్లల పత్రికల్లో ఫుజిమొటో కొత్త కథ వస్తోందని ప్రకటన వేసింది. ఆ ప్రకటనలో ఒక బల్ల సొరుగు తెరుచుకుంటుంది, అందులోంచి ఏదో దూకుతుంది, పిల్లవాడు బిత్తరపోయి చూస్తుంటాడు. దూకిందేమిటో బొమ్మలో లేదు. ఉండడానికి ఫుజిమొటోకే అప్పటికి తెలీదు! గడువు తరుముకొస్తుంటే ఆలోచనలు పుట్టించే యంత్రం ఏదైనా ఉంటే బాగుండునని తిట్టుకుంటూ, ఇంట్లో తన కూతురి బొమ్మ కాలికి తగిలి తూలాడనీ, పిల్లులు కొట్లాడుకునే గోల కూడా అప్పుడే చెవిన పడి ఉందనీ, ఆ రెండూ కలిసి డోరేమాన్ అయిందనీ ఆయనే తర్వాత ఒక బొమ్మల కథలో చెప్పుకున్నాడు. రచయితలు తమ పుట్టుక కథలకు కొంచెం నగిషీ పెడతారన్నది వేరే సంగతి. ప్రకటన మాత్రం అచ్చులో ఉంది.

1970 జనవరి సంచికతో ఆ కథ ఒకేసారి ఆరు పత్రికల్లో మొదలైంది. బడికి పోని పసివాళ్ళకు రెండు, ఒకటి నుంచి నాలుగో తరగతి దాకా తరగతికి ఒకటి. అన్నిట్లోనూ ఒకే కథ కాదు, ఏ వయసుకు తగ్గది ఆ వయసుకు. అక్కడ బళ్ళు ఏప్రిల్‌లో తెరుస్తారు. మార్చి వస్తే నాలుగో తరగతి పిల్లలు ఆ పత్రికకు సెలవు చెప్పి పోతారు. అలా పోయేవాళ్ళ కోసమే 1971లోనూ 1972లోనూ ఫుజిమొటో డోరేమాన్ వీడ్కోలు కథలు రాశాడు. 1974 మార్చిలో మూడో తరగతి పత్రికలో ఇంకా గట్టి వీడ్కోలు రాసి, మనసొప్పక మరుసటి నెలే తిరిగి రప్పించాడు. ముగింపుల పుకార్లకు విత్తనం ఇక్కడే పడిందని నా అనుమానం. ఒకటికి మూడుసార్లు వెళ్ళిపోయినవాడి గురించి, చివరికి ఎలా పోయాడని అడగకుండా ఉంటారా?

ఈ రాకపోకల మధ్యలోనే, 1973 ఏప్రిల్ 1న, నిప్పన్ టీవీలో డోరేమాన్ మొదలైంది. ప్రతి ఆదివారం రాత్రి ఏడింటికి అరగంట. వారానికి రెండు కథలు. మనకు అప్పటికి హైదరాబాదు దూరదర్శనే లేదు, అది 1977 అక్టోబరులో వచ్చింది. ఉద్దానంలో టీవీ పెట్టె ఎలా ఉంటుందో చూసినవాళ్ళు ఉంటే బొంబాయి వలస వెళ్ళొచ్చినవాళ్ళే అయ్యుండాలి.

తీసిన సంస్థ పేరు నిప్పన్ టెలివిజన్ దోగా. పేరు చూస్తే ఆ చానల్ వారిదే అనిపిస్తుంది గాని, దానితో సంబంధం లేని చిన్న స్టూడియో. ప్రధాన దర్శకుడు మిట్సువో కమినాషి. డోరేమాన్‌కి గొంతు ఇచ్చింది కోసెయ్ తొమితా, ముసలి పాత్రలకూ మోటు పాత్రలకూ పేరుపడ్డ నటుడు. ఆయన గొంతులో ఆ పిల్లి నోబితాకి తోటి నేస్తంలా కాక, ఊళ్ళో పనీపాటా లేని బాబాయిలా వినిపించేది. పదమూడు వారాల తర్వాత తొమితాను మార్చి మసాకో నొజావాను తెచ్చారు. తర్వాత రోజుల్లో డ్రాగన్ బాల్‌లో గోకుకి గొంతిచ్చింది ఆవిడే. కనెతా కిమొత్సుకి అనే నటుడు ఇందులో పిల్లల్ని కొట్టే జియాన్‌కి గొంతిచ్చి, 1979 సీరియల్లో అదే జియాన్ వెనకాల తిరిగే సునియోకి ఇచ్చాడు. దెబ్బలు కొట్టినవాడే తర్వాత దెబ్బలు తిన్నాడన్నమాట. గచాకో అనే మరబాతును ఫుజిమొటో పత్రికల్లో కొన్నాళ్ళు నడిపి వదిలేశాడు. టీవీవాళ్ళు దాన్ని మళ్ళీ పట్టుకొచ్చి ఇంట్లో పెట్టారు.

అదే ఆదివారం ఏడింటికి ఫుజి టీవీలో మజింగర్ జెడ్ వచ్చేది. ఇనప రాక్షసులు కొట్టుకుంటుంటే, సొరుగులోంచి వచ్చిన పిల్లిని చూసే పిల్లలెందరుంటారు? అయినా సీరియల్‌ని ముంచింది పోటీ ఒక్కటే కాదు, స్టూడియో కూలిపోవడం కూడా. 1973 సెప్టెంబరు 30న ఇరవై ఆరో భాగంతో ప్రసారం ఆగింది. ఆ రోజు కథ పేరులోనే వీడ్కోలుంది. మన పిల్లలు పందేలు కాసే ఆఖరి ఎపిసోడ్ లాంటిది నిజంగా టీవీలో వచ్చిందంటే, అది ఇదే.

స్టూడియో పోయాక రీళ్ళ గతి ఏమిటి? ఫిల్ము అంటే చోటు, చల్లదనం, నెలనెలా అద్దె. అద్దె కట్టే నాథుడు లేకపోతే ఏ గోదాము ఎన్నాళ్ళు మోస్తుంది? పెద్ద సంస్థలే దాచుకోలేదు. బీబీసీ తన 'డాక్టర్ హూ' తొలి ఏళ్ళ ఎపిసోడ్లను, ఇక పనికిరావని, దండిగా చెరిపేసుకుంది. టీవీ అంటే ఆ పూట చూసి మరిచిపోయేదని అప్పట్లో అందరి లెక్క.

అయినా కొన్ని ప్రతులు చిన్న చానళ్ళలో తిరుగుతూ వచ్చాయి. వాటికి 1979లో అడ్డుకట్ట పడింది. షిన్-ఎయ్ అనే కొత్త స్టూడియో డోరేమాన్‌ని మళ్ళీ తీస్తామని ఫుజిమొటోని అడిగింది. మొదటిది తన కథకు తగ్గట్టు రాలేదని ఆయన మనసు విరిగి ఉంది. ఒప్పించడానికి ప్రతిపాదన రాసిపెట్టింది ఇసావో తకహతా, తర్వాత 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' తీసినాయన. అది చదివాక ఫుజిమొటో సరేనన్నాడు. 1979 ఏప్రిల్ 2న టీవీ అసాహిలో కొత్త డోరేమాన్ మొదలై, నొబుయో ఒయామా గొంతుతో ఇంటింటి పిల్లి అయిపోయింది. ఆ వేసవిలోనే టొయామాలోని ఒక చానల్ పాత సీరియల్‌ని మళ్ళీ వేసింది. టొయామా ఫుజిమొటో పుట్టిన సీమ. ప్రచురణకర్తల వైపు నుంచి అభ్యంతరం వచ్చింది, మధ్యలోనే ఆపేశారు. అక్కడితో పాత డోరేమాన్ కనుమరుగైంది. డోరేమాన్ చరిత్ర చెప్పే చోట కూడా 1973 ఊసు ఎత్తడం మానేశారు.

ఇక మిగిలింది జ్ఞాపకం. జ్ఞాపకం మీద నాకు అంత భరోసా లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి కొబ్బరి తోటలు, జీడి తోటలు కూలి, ఊళ్ళకు రోజుల తరబడి కరెంటు లేనప్పుడు, మా వీధి గుంటలు డోరేమాన్ ఎపిసోడ్లు ఒకరికొకరు నోటితో చెప్పుకునేవారు. చెప్పే కొద్దీ అవి మారేవి. నోబితా ఇంటి రేకులు ఎగిరిపోయేవి, డోరేమాన్ జేబులోంచి జనరేటరు తీసేవాడు. కొన్నేళ్ళ తర్వాత వాటిలో ఒకటి నిజంగా టీవీలో చూశానని ఒకడు నాతో ఒట్టేసి మరీ చెప్పాడు. వాడు అబద్ధం చెప్పలేదు, వాడికి కళ్ళకు కట్టినట్టే ఉంది. అందుకే 1973 సీరియల్ చూశామన్న జపాను పెద్దవాళ్ళను అనుమానించినవాళ్ళను నేను తప్పు పట్టలేను.

అలాగని ప్రతి మసక జ్ఞాపకమూ కల్ల కాదు. అమెరికాలో 'సెసమీ స్ట్రీట్'లో 1975లో ఒక చిన్న బొమ్మల తునక వచ్చింది. మంచం మీదున్న పాపకు గోడ పగుళ్ళలో ఒంటె, మరికొన్ని జంతువులు కనిపిస్తాయి, చివర్లో ఒక భూతం. చిన్నప్పుడు చూసి జడుసుకున్నవాళ్ళు పెద్దయ్యాక చెబితే ఎవరూ నమ్మలేదు. 2013లో అది దొరికి లోకం ముందుకొచ్చింది. ఒంటె ఒంటెలాగే ఉంది.

ఏ జ్ఞాపకం నిజమో, ఏది కల్లో తేల్చేవి, కథతో సంబంధం లేని కాగితాలు. మన తెలుగువాళ్ళకు దీనికి మంచి ఉదాహరణ ఇంట్లోనే ఉంది. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రతి ఒక్కటీ మిగల్లేదు. హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వం, అర్దేషిర్ ఇరానీ నిర్మాణం, సురభి కమలాబాయి, మునిపల్లె సుబ్బయ్య వేషాలు, ఇవన్నీ మాటల్లో మిగిలినవే. అది 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ పోయారు, ఆ రోజున పండగలూ చేశారు. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆ మాట దగ్గర ఆగి, తవ్వడం మొదలుపెట్టాడు. సెన్సారు వివరాలు చూస్తే ఆ చిత్రానికి అనుమతి వచ్చిందే 1932 జనవరి 22న. సెన్సారు కాకముందే బొమ్మ ఎలా ఆడుతుంది? అప్పటి పత్రికల ప్రకటనలు వెతికితే, 1932 ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా సినిమా హాల్లో విడుదలైనట్టు తేలింది. బొమ్మ చూడకుండానే, చూసినవాళ్ళు ఎవరూ లేకుండానే, గుమాస్తా ఒకరు ఎప్పుడో వేసిన తేదీ యాభై పుస్తకాల మాటను పక్కకు నెట్టింది. ఆ గుమాస్తాకు తెలుగు సినిమా చరిత్రతో పనిలేదు, అందుకే ఆయన మాటకు అంత బరువు.

1973 డోరేమాన్‌కీ అలాంటి సాక్ష్యాలే దొరికాయి. ఆనాటి దినపత్రికల్లో టీవీ కార్యక్రమాల పట్టీలున్నాయి, ఆదివారం ఏడింటి గడిలో డోరేమాన్ పేరుంది. గొంతిచ్చిన నటులు కొందరు అప్పటికింకా బతికే ఉన్నారు. ఇక్కడ నాకు ముచ్చటేసే సంగతి ఒకటుంది. పుకారును నమ్మకుండా చేసిన వివరాలే చివరికి దాన్ని నిలబెట్టాయి. బొంగురు గొంతు, సగంలో మారిన గొంతు, మరబాతు, ఇలాంటివి కథ కోసం ఎవరూ కల్పించరు. కల్పించేవాళ్ళకు ముగింపు కావాలి, కన్నీళ్ళు కావాలి, బేటరీ కథలో ఉన్నట్టు. మరబాతు వల్ల ఎవరికి కన్నీళ్ళొస్తాయి?

అయినా కాగితం కాగితమే, బొమ్మ బొమ్మే. బొమ్మను కాపాడినవాడు మసామి జున్. 1973లో ఆ స్టూడియోలో నిర్మాణ పనులు చూసుకున్న మనిషి. సంస్థ మూతపడ్డప్పుడు చెత్తలో కలవాల్సిన సరుకులో కొంత ఫిల్మును తన దగ్గర ఉంచుకున్నాడు. ఏళ్ళ తర్వాత ఆ సీరియల్ ఎలా తీశారో, ఎందుకు ఆగిందో, ఎవరెవరు పనిచేశారో తనకు తెలిసినంత వరకు రాసిపెట్టాడు. తన దగ్గరున్న తునకలను కొద్దిమంది అభిమానుల ముందు వేసి చూపాడు. ఇమాజికా అనే ఫిల్ము ల్యాబు నిల్వల్లోనూ కొన్ని భాగాలు మిగిలి ఉన్నాయని తేలింది. వాటిలో కొన్నిటికి బొమ్మ ఉంది, శబ్దం లేదు. ఏ గొంతు గురించి ఇంత గొడవ పడ్డారో ఆ గొంతే అక్కడ లేదు! మొత్తం 52 కథల్లో సగానికి పైగా ఇప్పటికీ ఎక్కడున్నాయో, అసలు ఉన్నాయో లేవో తేలలేదు.

దొరికినవాటినైనా టీవీలో వేయవచ్చు కదా అంటే, అదో చిక్కు. రీళ్ళు ఒకరి దగ్గర, తీసిన సంస్థ లేదు, కథ హక్కులు రచయిత వారసులవి, ప్రచురణకర్తలవి. రచయితకే నచ్చనిదాన్ని ఆయన పోయాక బయట పెట్టాలని వాళ్ళకు లేకపోతే అడిగేదెవరు? అభిమానులకు ఇది కడుపుమంటే. నాకైతే ఫుజిమొటో వైపు కూడా న్యాయం ఉందనిపిస్తుంది. తన పిల్లిని బాబాయి గొంతుతో విన్న మనిషి కష్టం మనకేం తెలుసు.

ఒకటి మాత్రం ఎవరూ ఆపలేకపోయారు. సీరియల్ వస్తున్న రోజుల్లోనే నిప్పన్ కొలంబియా దాని పాటలను రికార్డుగా వేసింది. సంగీతం నొబుయోషి కొషిబె, పాడింది హరుమి నాయితో. రికార్డుల హక్కులు వేరు, లెక్క వేరు, కాబట్టి అవి నిలిచాయి, ఈ రోజుకీ వినొచ్చు. ఆ మొదటి పాట కింద రచయిత పేరు చూస్తే, ఫుజిమొటో అప్పట్లో వాడిన కలం పేరు, ఫుజికో ఫుజియో అనే ఉంది.